ఆ రచయిత ఇల్లెక్కడ?

దసరా సెలవులొచ్చినా సంక్రాంతి సెలవులొచ్చినా మార్కాపురం, గిద్దలూరు వైపు ఇళ్లలో ఒకటే చర్చ. ఎక్కడికెళ్దాం? శ్రీశైలం, మహానంది, అహోబిలం, తిరుపతి... జాబితా దాదాపు ఖరారే. ‘గుడి కాకుండా ఇంకేమైనా చూపించండి’ అని పిల్లలెవరైనా మారాం చేస్తే కంభం చెరువు. అంతకుమించి కావాలంటే మాత్రం పెద్దవాళ్లు బుర్ర గోక్కోవాల్సిందే. అలాంటివాళ్ల కోసం ఈవారం ఓ కొత్త దారి. పాఠాల్లో చదువుకున్న కవులూ పండితులూ ఒకప్పుడు కాపురమున్న చోట్లు చూసి రావడం.

‘ఎవరిదో పాత ఇల్లు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా’ అనిపించొచ్చు. ఫ్రాన్సులో మాత్రం అలా అనుకోరు.

ప్యారిస్‌లో పాసీ అని ఓ పేట. 1840 నుంచి 1847 దాకా అక్కడో ఇంట్లో అద్దెకున్నాడు బాల్జాక్ అనే నవలాకారుడు. రాత్రంతా మేలుకుని రాయడం, అందుకోసం కాఫీ మీద కాఫీ తాగడం ఆయన అలవాటు. రాబడి ఎంతున్నా అప్పులు మాత్రం తీరేవి కావు. ఆ ఇంటికి పైన ఓ వీధి, కింద ఓ వీధి. అప్పులవాళ్లు పైనుంచి తలుపు కొడితే ఈయన కింది వీధిలోంచి జారుకునేవాడట. ఇల్లు కూడా సొంత పేరు మీద తీసుకోలేదు. ఇప్పుడది మ్యూజియం. ఆయన రాసుకున్న చిన్న బల్ల, కాఫీ కాచుకున్న పింగాణీ పాత్ర అక్కడే ఉన్నాయి. అప్పులవాళ్లకు దొరకని మనిషి ఇంటిని వెతుక్కుంటూ ఇప్పుడు దేశదేశాల నుంచి జనం వస్తున్నారు!

విక్టర్ హ్యూగోకైతే అలాంటివి రెండిళ్లు. ఒకటి ప్యారిస్‌లో ఆయన పదహారేళ్లు అద్దెకున్న ఇల్లు. దాన్ని 1903లోనే మ్యూజియం చేశారు. రెండోది సముద్రం మధ్య గర్న్‌సీ అనే దీవిలో ఉంది. చక్రవర్తితో విరోధం తెచ్చుకుని దేశం విడిచిన హ్యూగో అక్కడ మేడ మీద అద్దాల గది కట్టించుకుని, నిలబడే రాసేవాడు. ఇక ప్రూస్ట్ అనే ఆయన సంగతి మరీ చిత్రం. చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన ఇల్యే అనే పల్లెను నవలలో ‘కోంబ్రే’ అని పేరు మార్చి రాశాడు. ఆయన నూరేళ్ల పండగప్పుడు, 1971లో, ఆ ఊరు తన పేరుకు నవలలోని పేరును కూడా తగిలించుకుంది. ఊరి పేరు చూసి కథలో పెట్టడం మనకు తెలుసు. కథలో పేరు చూసి ఊరికి పెట్టడం మాత్రం అక్కడే. 2011లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇలాంటి ఇళ్లన్నిటికీ ‘ప్రముఖుల ఇళ్లు’ అని ఓ ప్రత్యేక గుర్తింపు కూడా మొదలుపెట్టింది.

మనకూ అసలు లేవని కాదు. విజయనగరంలో గురజాడ ఇల్లుంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇల్లుంది. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించి ఊరందరి ఆగ్రహానికీ గురైన మనిషి ఇల్లది. అయితే మార్కాపురం నుంచి విజయనగరం వెళ్లడమంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లినట్టే. రెండు రోజుల సెలవుల్లో తెమిలే పని కాదు. మరి దగ్గర్లో ఏముంది?

నిజానికి ఇలాంటి యాత్ర మొదలుపెట్టడానికి మార్కాపురం కన్నా మంచి ఊరు ఉండదేమో. గంధం బొట్టు పెట్టి, పలక చేతికిచ్చి ఓనమాలు దిద్దించిన రోజుల్లో ఆ పలక వచ్చింది ఇక్కడి గనుల్లోంచే. పొరలు పొరలుగా చీలే ఆ నల్లరాయిని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి దేశం నలుమూలలకూ పంపించారు. తర్వాత ప్లాస్టిక్ పలకలొచ్చాయి, నోటు పుస్తకాలొచ్చాయి. రాయి మాత్రం ఇళ్ల గోడలకూ నేలకూ అతికించే డిజైన్ పలకగా మారి బతుకుతోంది. తెలుగువాడి తొలి అక్షరం పడిన చోటు నుంచి ఆ అక్షరాన్ని పెద్దచేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లడం సబబుగానే ఉంటుంది కదా.

తూర్పు దారి తేలిక. మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే గజ్జెలకొండ, దొనకొండ, కురిచేడు... ఆ తర్వాత వినుకొండ. ఊరి మీద కొండ, కొండ మీద రామలింగేశ్వరుడు. గుర్రం జాషువా పుట్టింది ఈ ఊళ్లోనే, 1895 సెప్టెంబరు 28న. ఇక్కడ దిగి ‘జాషువా ఇల్లెక్కడ’ అని అడిగే ముందు ఓ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన ఒకచోట స్థిరంగా ఉన్న మనిషి కాదు. పొట్టకూటి కోసం రాజమండ్రి వెళ్లి, మూకీ సినిమాలు ఆడే హాల్లో తెర మీద కథను జనానికి వినిపించే పని చేశారు. గుంటూరులో పంతులుగా పాఠాలు చెప్పారు. చివర్లో మద్రాసు రేడియోలో పనిచేశారు. 1971లో గుంటూరులో కన్నుమూశారు. కులం కారణంగా ఊరు పక్కన పెట్టిన మనిషికి ఏ ఇల్లు తనదవుతుంది? ‘గబ్బిలం’ కావ్యంలో పేదవాడి ఇంట్లోకి వచ్చేది గబ్బిలం ఒక్కటే. అతనికి ప్రవేశం లేని గుడిలోకి కూడా అది వెళ్లగలదు కాబట్టి, తన మొర దాని చేతే దేవుడికి పంపుకుంటాడు. ‘నా కథ’ పేరుతో జాషువా తన జీవితాన్ని పద్యాల్లోనే రాసుకున్నారు. ఆయన పెరిగిన వినుకొండ గోడల్లో కన్నా ఆ పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. రైల్లో వెళ్లేటప్పుడు పిల్లల చేతికి దాన్నిస్తే, ఊళ్లో దిగాక వాళ్లే చుట్టూ చూస్తారు.

పడమటి దారికి వెళ్లే ముందు చిన్న పిట్టకథ. బెస్తవారిపేట దగ్గర మోక్షగుండం అని ఓ పల్లె ఉంది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడివాళ్లే. కుటుంబం ఏనాడో మైసూరు సీమకు తరలిపోయింది. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. ఆయన ఆనకట్టలు కట్టడమే కాదు, పుస్తకాలూ రాశారు. దేశానికి ప్రణాళిక ఎలా ఉండాలో చెబుతూ 1934లో, తన ఉద్యోగ జీవితం గురించి 1951లో. ముద్దేనహళ్లి ఇంటిని మ్యూజియంగా కాపాడుకుంటున్నారు. మోక్షగుండంలో మిగిలింది ఊరి పేరు. అదే ఆయన ఇంటిపేరు. తెలుగువాళ్లు ఊరు విడిచినా, కట్టుకున్న ఇల్లు కూలిపోయినా ఇంటిపేరులో ఆ ఊరిని మోసుకుని తిరుగుతారు. ఈ సౌకర్యం ఫ్రెంచివాళ్లకు అంతగా ఉన్నట్టు లేదు!

గిద్దలూరు నుంచి రెండు దారులున్నాయి. రైలైతే దిగువమెట్ట దాటి, నల్లమల అడవిని చీల్చుకుంటూ నంద్యాల చేరుస్తుంది. అక్కణ్నుంచి బనగానపల్లె. మామిడిపండ్ల కాలంలో వెళ్తే యాత్రకు ఇంకో లాభం కూడా. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువుల్ని కాసిన కుర్రాడే తర్వాత పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి. ఆవుల చుట్టూ కర్రతో గీత గీసి, అవి దాటకుండా చేసి, రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవారని చెబుతారు. ఆ తాటాకుల్ని అచ్చమ్మ ఇంటి దగ్గర పాతిపెట్టి, పైన చింతమొక్క నాటారని ప్రతీతి. చింతమానునూ, అచ్చమ్మ ఇంటి ఆనవాళ్లనూ, కొండ గుహనూ ఈరోజుకీ జనం వెళ్లి చూస్తారు.

రోడ్డు దారైతే కలసపాడు, పోరుమామిళ్ల మీదుగా మైదుకూరు వైపు. మధ్యలో కాస్త పక్కకు తిరిగితే బ్రహ్మంగారి మఠం. ఒకప్పుడు కందిమల్లాయపల్లె. వీరబ్రహ్మం గారు చివరికి కాపురం పెట్టింది ఇక్కడే, సజీవ సమాధి అయిందీ ఇక్కడేనని భక్తుల నమ్మకం. సమాధి గుడితోపాటు ఆయన ఉన్న ఇల్లు, ఆయన తవ్వారని చెప్పే బావి ఉన్నాయి. కాలజ్ఞానం పుస్తకాలు కొనకుండా వచ్చేవాళ్లు తక్కువ. ఒక్క విషయం గమనించండి. మూడు వందల ఏళ్ల కిందట పశువులు కాసి, వడ్రంగం చేసి, తాటాకు మీద రాసుకున్న ఓ మనిషి ఇల్లు నిలిచి ఉందంటే, దాన్ని ఏ ప్రభుత్వమూ కాపాడలేదు. దీపం పెట్టేవాళ్లు రోజూ ఉన్నారు కాబట్టి నిలిచింది. అదే దారిలో బద్వేలు వైపు వెళ్తే గోపవరం ఉంది, రామాయణం రాసిన మొల్ల ఊరిగా దానికి పేరు. మట్టితో కుండలు చేసే ఇంటి పిల్ల రాసిన రామాయణం ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. ఆమె తిరిగిన కుమ్మరి ఇల్లు నిలవలేదు.

మరి దేవుడూ కానివాడు, మనవాడూ కానివాడు అయితే? ఆ రచయిత ఇల్లు ఎవరికి పడుతుంది? దానికి జవాబు మైదుకూరు దాటి కడపలో దొరుకుతుంది.

కడప ఎర్రముక్కపల్లెలో దిగి సీపీ బ్రౌన్ గ్రంథాలయం అంటే ఎవరైనా చూపిస్తారు. 1820లో ఇరవై రెండేళ్లు నిండని ఓ ఇంగ్లీషు కుర్రాడు కలెక్టరు కింద అసిస్టెంటుగా ఈ ఊరికొచ్చాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. అన్నట్టు, ఆ రోజుల్లో కంభం కూడా కడప జిల్లాలో భాగమే. 1858లో కర్నూలు జిల్లాకు వెళ్లింది, 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరులతో కలిసి ఇటొచ్చింది. అంటే పశ్చిమ ప్రకాశం వాళ్లకు బ్రౌన్ ఒకనాటి సొంత జిల్లా దొర.

దొర అంటే శిస్తులు వసూలు చేయించాలి, తగవులు తీర్చాలి. ఈయనకు మాత్రం తెలుగు పిచ్చి పట్టుకుంది. దానికి కారణాల్లో ఒకటి ఫ్రెంచివాడు కావడం విశేషం. దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు దక్షిణ దేశపు ఆచారాల గురించి రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన ఉంది. అది చదివే బ్రౌన్ 1824లో వేమన పద్యాల వేట మొదలుపెట్టాడు. మన పండితులు పట్టించుకోని వేమన. రాతప్రతులు తెప్పించి, పోల్చి చూసి, అయిదేళ్లలో 693 పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. మధ్యలో మచిలీపట్నం, రాజమండ్రి బదిలీలు అయ్యాయి. మళ్లీ కడప వచ్చాడు. ఎర్రముక్కపల్లెలోని తన బంగళానే పండితుల కార్యాలయం చేసేశాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే ఆయన అజమాయిషీ. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు తాటాకు ప్రతులు ముందు పెట్టుకుని, ఏ పాఠం సరైందో తేలుస్తూ, శుభ్రమైన కాగితాల మీద ఎత్తిరాసేవాళ్లు. జీతాలన్నీ దొర సొంత జేబులోంచే. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. అప్పులు చేసి రాసినవాడు బాల్జాక్. అప్పులు చేసి ఇతరుల పుస్తకాలు రాయించినవాడు బ్రౌన్. ఇద్దరిదీ ఒకే కాలం కూడా!

ఆ ప్రతులు తర్వాత మద్రాసు చేరాయి. 1850ల మొదట్లో బ్రౌన్ నిఘంటువులు అచ్చయ్యాయి. ఈరోజుకీ తెలుగు మాటకు అర్థం వెతికేవాళ్లు ఆ నిఘంటువు తెరవాల్సిందే. 1855లో ఆయన ఓడెక్కి వెళ్లిపోయాడు. లండన్‌లో తెలుగు ప్రొఫెసరుగా ఉండి 1884లో చనిపోయాడు. ఆ బంగళా? చేతులు మారింది. పైకప్పు పోయింది. చివరికి మొండిగోడలూ ముళ్లకంపలూ మిగిలాయి. ఏ గుడీ కాదు కాబట్టి దీపం పెట్టేవాళ్లు లేరు. దొర వారసులూ లేరు. నూరేళ్లకు పైగా ఆ దారిన పోయినవాళ్లలో అది ఎవరి ఇల్లో తెలిసినవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆ మొండిగోడల్ని పట్టించుకున్న మనిషి ఓ లెక్చరరు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి. 1926లో రాయదుర్గంలో పుట్టి, ఉద్యోగరీత్యా కడపలో స్థిరపడ్డారు. జిల్లా రచయితల సంఘం పనులు చూసేవారు. బ్రౌన్ మీద పరిశోధన చేసిన బంగోరె లాంటివాళ్ల రాతలు అప్పటికే కదలిక తెచ్చాయి. ‘తెలుగుకు ఇంత చేసినవాడి ఇల్లు ఇలా పడుండటమా’ అన్నది శాస్త్రిగారి బాధ. బాధపడి ఊరుకుంటే ఇక్కడ చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. అధికారుల్ని కలిశారు. ట్రస్టు పెట్టించారు. స్థలం ఇవ్వడానికి యజమానులు ముందుకొచ్చారు. 1987లో శంకుస్థాపన జరిగింది. డబ్బు? అది లేదు. జోలె పట్టినట్టే ఇంటింటికీ, ఆఫీసు ఆఫీసుకీ తిరిగారు. ఎవరెంతిస్తే అంత. గోడలు లేవడానికీ కప్పు పడటానికీ ఎనిమిదేళ్లు పట్టింది. 1995లో గ్రంథాలయం తలుపులు తెరుచుకున్నాయి. పుస్తకాల కోసం మళ్లీ ఇంకో జోలె. ఇళ్లలో అటకల మీద చెదలు పడుతున్న తాటాకులూ, తాతల నాటి పుస్తకాలూ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం దీన్ని తీసుకుని భాషా పరిశోధన కేంద్రంగా నడపడం మొదలుపెట్టింది. మెకంజీ సేకరించిన కడప జిల్లా ఊళ్ల కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చువేసింది ఈ కేంద్రమే. శాస్త్రిగారు 2014లో కన్నుమూశారు.

కాబట్టి మనవణ్ని తీసుకుని అక్కడికి వెళ్లే తాతయ్యలు ఓ ప్రశ్నకు సిద్ధపడి ఉండాలి. “తాతా, బ్రౌన్ బంగళా ఏదీ?” అంటాడు వాడు. బంగళా లేదు నాయనా, అది ఉన్న చోటే ఇది కట్టారని చెప్పాలి. “మరి ఆయన కుర్చీ? పెన్ను?” ప్యారిస్‌లోలా కాఫీ పాత్ర చూపించడానికి వీలుపడదు. చూపించడానికి ఉన్నవి తాటాకులు. గంటంతో గీసి, మసి పూసి, దారం గుచ్చిన తాటాకులు. ఆ రెండు వందల ఏళ్ల కిందట ఇదే నేల మీద పండితులు ముందేసుకుని కూర్చున్నవీ ఇలాంటివే. పిల్లలకు కుర్చీ కన్నా అవే నచ్చుతాయి. మార్కాపురం పలక పట్టి చూసిన పిల్లలైతే, రాయి మీద రాయడం తెలిసినవాళ్లు కాబట్టి, ఆకు మీద ఎలా రాశారని తప్పకుండా అడుగుతారు.

ఇక తిరిగొచ్చేటప్పుడు బండిలో మాట్లాడుకోవడానికి ఓ విషయం. మార్కాపురం, కంభం, గిద్దలూరు, పొదిలి... ఏ ఊళ్లోనైనా పద్యాలు కట్టిన తెలుగు పంతులు ఒకరు, నాటకాలు రాసిన మేష్టారు ఒకరు, హరికథలు అల్లిన దాసుగారు ఒకరు ఉండే ఉంటారు. పెద్దవాళ్లకు వాళ్ల ఇళ్లు తెలుసు. ‘అదిగో, ఆ వీధి చివరి మిద్దె’ అంటారు. పిల్లలకు తెలియదు. ఆ మిద్దె అమ్ముడుపోతుంది, అక్కడ షాపింగ్ కాంప్లెక్సు లేస్తుంది, ఆయన రాసిన నోటు పుస్తకాలు అటక దించి పాత పేపర్లవాడికి తూకానికి వేస్తారు. బ్రౌన్ బంగళా లాంటి పెద్ద ఇల్లు కాబట్టి అది మొండిగోడలైనా మిగిల్చింది. మిద్దెలకు ఆ మాత్రం కూడా మిగలదు. మ్యూజియం కట్టలేకపోయినా, ఆ నోటు పుస్తకాల్ని తూకానికి వేయకుండా ఆపి కడప గ్రంథాలయం లాంటి చోటుకు చేర్చడానికి ఓ బస్సు టికెట్టు చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకు చివరి మాట. వినుకొండ రైలుకు ఒకరోజు, కడప దారికి ఒకరోజు పెట్టుకుంటే హడావుడి ఉండదు. గిద్దలూరు నుంచి తెల్లవారుజామునే బయల్దేరితే బ్రహ్మంగారి మఠం చూసుకుని మధ్యాహ్నానికి కడప చేరొచ్చు. గ్రంథాలయం విశ్వవిద్యాలయం చేతిలో ఉంది కాబట్టి సెలవు రోజులు ముందే కనుక్కోండి. అటక మీద పాత తాటాకుల కట్ట ఏదైనా ఉంటే, అది కూడా బండిలో పెట్టుకోండి.